శుక్రవారం నాడు కడిగిన గరిటెలు

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఇళ్ళలో మాదీ ఒకటి. దుర్గం కొండ మీద నుంచి బిక్కి కర్ర, నర్ది కర్ర మోపులుగా దిగేవి. మా నాయన బాడిసతో రూపు తెచ్చి, ఉలితో గుంట తీసేవాడు. అమ్మా నేనూ ఆకురాయి పట్టి, గరుకు కాగితంతో రుద్ది, నువ్వుల నూనె పట్టించి నీడలో ఆరబెట్టేవాళ్ళం. ఇంట్లో మేం మాట్లాడుకునేది సగం ఉర్దూ, సగం తెలుగు. నేను ఆయన్ను అబ్బా అనే పిలిచేదాన్ని. తెలుగులో రాయడానికి కూర్చున్నాను కాబట్టి నాయన అంటున్నాను. ఆయన ఉండి ఉంటే దీనికి కూడా నాతో ఒక తగువు పెట్టుకునేవాడు.

తగువు లేకుండా మా నాయనకు పొద్దుపోయేది కాదు. కర్ర తెచ్చిన వాడితో తగువు, బేరమాడిన వాడితో తగువు, ఎవరూ దొరక్కపోతే వానతో తగువు. మనసు మాత్రం వెన్నే అని అమ్మ అంటుండేది. ఆ వెన్న నాకు కనిపించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

డెబ్బైలలో స్టీలు సామాను వచ్చి మా నోట మట్టి కొట్టింది. అంతకు ముందు ఉరుసులకీ తిరనాళ్ళకీ మా గరిటెలకు గిరాకీ ఉండేది. తర్వాత ఊళ్ళో వాళ్ళే మా గరిటెను చేతిలోకి తీసుకుని, బాగా చెక్కినావు అని మెచ్చుకుని, మళ్ళీ మా చేతిలోనే పెట్టి స్టీలు గరిటె కొనుక్కునేవాళ్ళు. మెచ్చుకోలుతో కడుపు నిండదు కదా. మా వీధిలో చాలామంది ఉలి పక్కన పెట్టి లారీల మీద క్లీనర్లుగానో, ఇళ్ళు కట్టే బేల్దారి పనులకో పోయారు. మా నాయన పోలేదు. పోనూ పోలేదు, బాగుపడనూ లేదు.

ఆ రోజుల్లోనే మా ఖాలా, అంటే అమ్మ చెల్లెలు, మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త లారీ డ్రైవరు. లారీ మీద ఉండగా దారిలోనే చనిపోయాడు. పిల్లలు లేరు. అత్తవారింట్లో ఉండనివ్వలేదు. మా నాయన తనే వెళ్ళి ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని తీసుకొచ్చాడు. తీసుకొచ్చినంత బాగా ఉంచుకోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు. అన్నం దగ్గర కూర్చుని బియ్యం గురించి కేకలేసేవాడు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు, నిజమే. కానీ పరాయి పంచన ఉన్న మనిషికి గోడను తిట్టినా తననే అన్నట్టు ఉంటుంది. ఆమెకు తిన్న ముద్ద గొంతు దిగేది కాదు.

ఖాలా వంట గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమె పొయ్యి ముందు కూర్చుంటే వీధిలో పోయే వాళ్ళు నడక తగ్గించేవాళ్ళు. పాత బియ్యంతో చేసినా పలావు పొడిపొడిగా రాలేది. ఆ చేతి వల్లే ఆమె కువైట్ పోయింది. ఆమె భర్తతో కలిసి లారీ నడిపిన ఆత్మకూరు మనిషి ఒకాయన అప్పటికే కువైట్‌లో ఒక పెద్దింట్లో కారు డ్రైవరుగా ఉన్నాడు. ఆ ఇంటి వాళ్ళకు తెలిసిన చోట వంటమనిషి కావాలన్నారు. ఆయన తన భార్యతో కబురు పంపాడు. నేను ఆయన్ను అన్న అనీ, ఆమెను వదిన అనీ పిలిచేదాన్ని.

కబురు విన్న రోజు మా ఇంటి పెంకులు లేచిపోయాయి.

"ఆడమనిషి సముద్రం దాటి పొయ్యేదేంది? నేను పెట్టే కూడు చేదుగా ఉండాదా?" అని నాయన అరిచాడు.

"చేదు కాదు దూలాభాయ్. నా చేత్తో నేను సంపాదించుకున్నది తినాలని ఉండాది" అంది ఖాలా. అక్క మొగుణ్ణి మా వాళ్ళు అలాగే పిలుస్తారు.

ఆమె వెళ్ళిపోయింది. పెట్టెలో కారప్పొడి, చింతకాయ పచ్చడి, ఒక కొయ్య గరిటె పెట్టుకుంది. ఆ గరిటె కాడలో కణుపు పడిందని నాయన అమ్మకుండా పక్కన పారేసినది.

కువైట్ నుంచి ఆమె ఉత్తరాలు రాయలేదు, ఆమెకు రాయడం రాదు. క్యాసెట్లు పంపేది. ఆ రోజుల్లో మా వైపు చాలామంది అంతే, మాట్లాడి టేపులో పట్టి, సెలవు మీద వచ్చే వాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళు. మా ఇంట్లో టేపు రికార్డరు లేదు. ఆత్మకూరులో డ్రైవరన్న ఇంట్లో ఉండేది. క్యాసెట్ వచ్చిందని ఎవరైనా బస్సు కండక్టరు చేత చెప్పి పంపితే, అమ్మా నేనూ దుత్తలూరు మీదుగా బస్సులో ఆత్మకూరు పోయేవాళ్ళం. వదిన టీ పెట్టి, రికార్డరు మీద కప్పిన పూల గుడ్డ తీసి మీట నొక్కేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. ఎవరింటి కష్టమైనా ఆ నడవలో అందరిదీ అయ్యేది. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఆ నడవను తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

రెండో క్యాసెట్‌లో అనుకుంటాను, ఖాలా గరిటె సంగతి చెప్పింది. ఆమె పని చేసే ఇంటి మేడం కొత్త రకం గిన్నెలు కొన్నదట. లోపల నల్లటి పూత, అన్నం అంటుకోదు. స్టీలు గరిటె తగిలితే మాత్రం ఆ పూత గీసుకుపోతుంది. మేడం లబోదిబోమంటుంటే ఖాలా తన పెట్టెలోంచి కణుపు గరిటె తీసి తిప్పి చూపించింది. గీత పడలేదు. మేడం ఆ గరిటెను అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, ఇంకా ఉన్నాయా అని అడిగింది. మేడం అక్కచెల్లెళ్ళు అడిగారు. మేడం తమ్ముడికి బజారులో గిన్నెల కొట్టు ఉంది. ఆయనా అడిగాడు.

"మా బావ చెక్కతాడు, ఎన్నంటే అన్ని చెక్కతాడు అని చెప్పేసినాను అక్కా. పెద్ద గరిటెలు కావాలంట, వాళ్ళ గిన్నెలు మన గంగాళాలంత ఉండాయి. నా మోచెయ్యి కాడి నుంచి వేలి కొస దాకా పొడుగు చెక్కమను" అని టేపులో ఆమె గొంతు నవ్వుతూ చెప్పింది.

కొలబద్ద ఏదీ పంపలేదు. ఎందుకు పంపుతుంది? అక్కాచెల్లెళ్ళిద్దరి చేతులూ ఒకటే. నాయన అమ్మను గుంజకు ఆనించి కూర్చోబెట్టి, ఆమె మోచేతికి కర్ర ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. కువైట్ వంటిళ్ళకు పోయిన మా గరిటెలన్నీ మా అమ్మ చేతి పొడుగే.

ఆయనకు ఒక్కటే బాధ. కాడ మీద తీగలూ పూలూ చెక్కుదామంటే, వద్దు, అందులో మెతుకులు ఇరుక్కుంటాయి, నున్నగా ఉండాలి అన్నారు అవతలి వాళ్ళు. "నున్నగా చెక్కేదానికి నేనెందుకు, గొడ్డలి ఉంటే చాలదా" అని రెండు రోజులు అలిగాడు. తర్వాత పూలు చెక్కకుండానే చెక్కాడు.

మొదటి విడతలు మనుషుల పెట్టెల్లో పోయాయి. సెలవు అయిపోయి తిరిగి వెళ్ళే ప్రతి మనిషీ తన బట్టల మధ్య నాలుగు గరిటెలు పెట్టుకుని పోయేవాడు. కొండాపురం వైపు మేస్త్రీలు, దుత్తలూరు పక్క పల్లెల కుర్రాళ్ళు, వాళ్ళలో ఎవరూ మాకు బంధువులు కాదు. "మనోళ్ళ సరుకే గదా, యాడ బరువు" అనేవాళ్ళు. కొట్టులో పెట్టినవి పెట్టినట్టే పోతుంటే, ఆ కొట్టాయన పెద్ద ఎత్తున పంపమన్నాడు. అంత సరుకు ఓడలోనే పోవాలి. బొంబాయిలో ఓడలకు సరుకు ఎక్కించే చోట మన సంగం ఊరి మనిషి ఒకతను పని చేస్తున్నాడని డ్రైవరన్న చెప్పాడు. కాలువ కింద కూలి పని వదిలి బొంబాయి చేరిన మనిషి. ఆయనకు కబురు పోయింది, పంపండి, నేను చూసుకుంటాను అని తిరిగి కబురు వచ్చింది. ఎగుమతి అనే మాట పెద్దపెద్ద వాళ్ళ నోట తర్వాత చాలాసార్లు విన్నాను. మాకు తెలిసిన ఎగుమతి ఇదే. మనుషులు వెళ్ళిన దారినే సరుకు వెళ్ళింది. ప్రతి మలుపులోనూ మన యాస మాట్లాడే మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

మా వీధిలో ఉలి పక్కన పెట్టిన వాళ్ళను నాయన మళ్ళీ పిలిచాడు. పిలవడం కూడా తిడుతూనే. ఆ ఎండాకాలమంతా మా పంచలో బాడిసల చప్పుడు ఆగలేదు.

పెట్టెలు సర్దే రోజున ఒక కర్రలో పుచ్చు పురుగు తొలిచిన పొడి కనిపించింది. ఒక్క దాంట్లోనే. నాయన ఆ పొడిని వేలితో తీసి చూశాడు. నెల పైన ఓడలో ఉండే సరుకు, దారిలో పురుగు పడితే పేరు పోతుంది అన్నాడు. మేం కందులు నిలవ చేసినా, బొంతలు మడిచి పెట్టినా వేపాకు వేస్తాం. అది మా ఇళ్ళలో చెప్పి చేసే పని కాదు, చెయ్యి దానంతట అదే చేసేస్తుంది. పెరటి వేపచెట్టు రెమ్మలు దూసి, ప్రతి వరసకూ మధ్య గుప్పెళ్ళు గుప్పెళ్ళు వేసి, పైన ఇంకో గుప్పెడు వేసి, పెట్టెలకు మేకులు కొట్టించాడు. ఆకు సగమే ఆరింది. గరిటెలకు నూనె అప్పుడే పట్టించి ఉన్నాం. ఎవరికీ ఏమీ తోచలేదు. పైగా ఎంత శ్రద్ధగా సర్దామో అని మురిసిపోయాం.

వానలు మొదలయ్యాక క్యాసెట్ వచ్చింది. ఆ రోజు వదిన ముఖంలో నవ్వు లేదు. ఇరుగుపొరుగు వాళ్ళను పిలవకుండా తలుపు దగ్గరికి వేసింది. నాయన కూడా మాతో వచ్చాడు, సరుకు ఎలా ఉందో స్వయంగా వినాలని.

"అక్కా, గరిటెలు చేదెక్కిపోయినాయి" అంది టేపులో ఖాలా. "ఓడలో ఆవిరికి ఆకు మెత్తబడి, ఆ పసరంతా నూనెతో పాటు కర్రలోకి దిగిపోయినాది. కొన్న వాళ్ళు పలావు కలబెడితే పలావు చేదు. మేడం వాళ్ళ విందులో గూడా అంతే జరిగినాది. కొట్టాయన పెట్టెలన్నీ వెనక్కి పెట్టేసినాడు. మేడం నాతో మాట్లాడట్లా. నా మాట నమ్మి తెప్పించినారు గదా. పంపించేస్తారేమో అక్కా."

తర్వాత టేపులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

సరుకు పోతే పోయింది, మళ్ళీ చెక్కుకుంటాం. కానీ ఖాలా తిరిగి వస్తే ఎక్కడికి వస్తుంది? మళ్ళీ మా పంచకే. మళ్ళీ ఆ గొంతు దిగని ముద్దకే. ఆమె సొంతంగా సంపాదించుకున్న బతుకును మా చేత్తోనే తీసేసినట్టవుతుంది. ఆ నడవలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు. నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆయన నోట ఒక్క తిట్టు కూడా రాలేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

అమ్మే తేరుకుంది. రికార్డరు ఇటు తిప్పు అంది వదినతో. మీట నొక్కగానే చెల్లెలు ఎదురుగా కూర్చున్నట్టే మొదలుపెట్టింది. "ఏడవబాక. చేదే గదా, విషమా? గంజి కాంచి, అందులో రాళ్ళుప్పు, చింతపండు పులుసు పొయ్యి. బాగా వేడిగా ఉన్నప్పుడు గరిటెలు ముంచి మూత పెట్టు. సల్లారినాక రుద్ది కడుగు. మళ్ళా ముంచు. మూడు నాలుగు తడవలు చేస్తే చేదు ఇరిగిపోతాది. మన చంటిబిడ్డల పాలు మానిపించేదానికి వేపాకు పూసి, మళ్ళా కడుక్కోమా, అంతే."

నాయన అప్పుడు రికార్డరు దగ్గరికి జరిగి, అది చెవిటిదన్నట్టు గట్టిగా అరిచాడు. "ఎండలో పెట్టొద్దు! ఆ ఎండకి పగిలిపోతాయి. నీడలో, గుడ్డ మీద, ఒకదానికి ఒకటి తగలకుండా!" ఆగి, గొంతు తగ్గించి, "తప్పు నాది అని చెప్పు వాళ్ళకి" అన్నాడు. మా నాయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

క్యాసెట్ మర్నాడే బయలుదేరింది. ఆత్మకూరు నుంచి ఎవరో నెల్లూరు పోయి, అక్కడ సెలవు ముగిసి వెళ్తున్న ఇంకెవరి చేతిలోనో పెట్టారు. తర్వాత మేం చేసిందల్లా ఎదురుచూడటమే. నాయన చెక్కడం మానలేదు కానీ, చెక్కినవి ఎవరికో ఆయనకే తెలియదు. బస్సు స్టాండు వైపు ఎవరు వెళ్ళినా, ఆత్మకూరు నుంచి కబురేమన్నా ఉందా అని అడిగేవాడు. నేను నమాజు తర్వాత ఖాలా కోసం దువా చేసేదాన్ని. అమ్మ ఎప్పుడూ చేసే పనులే చేసేది, కాకపోతే ఖాలా పరుపును ఎండలో వేసి దులిపి, మళ్ళీ మడిచి పెట్టింది.

చివరికి క్యాసెట్ వచ్చింది. మీట నొక్కగానే నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు, మగవాళ్ళ గోల. ఖాలా గొంతు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. జరిగింది ఏమిటంటే, ఆమెకు పని ఎక్కువ, చోటు లేదు. డ్రైవరన్న ఆ పెట్టెలన్నీ తమ గదికి చేర్పించాడు. మన వైపు మగవాళ్ళంతా కలిసి ఉండే గది. వాళ్ళకు శుక్రవారం సెలవు. ఆ పూటకు ఖాలాను కూడా డ్రైవరన్న కారులో అక్కడికి తీసుకొచ్చాడు. వారమంతా సిమెంటు మోసి, కార్లు నడిపి, ఆ ఒక్క రోజు నిద్రపోవాల్సిన వాళ్ళు లుంగీలు ఎగ్గట్టి, గంజి కాచి, గరిటెలు ముంచి రుద్దారు. గదిలో మంచాలు నిలబెట్టి దుప్పట్లు పరిచి ఆరబెట్టారు. కొన్ని కొన్ని గరిటెలు మన వైపు ఆడవాళ్ళు తాము పని చేసే వంటిళ్ళకు తీసుకుపోయి, అన్నం కలిపి రుచి చూసి కబురు పంపేవాళ్ళు. చేదు ఉందంటే మళ్ళీ ముంచేవాళ్ళు.

టేపులో ఎవరో పొట్టేలు గొంతుతో పాట ఎత్తుకుంటే, ఇంకెవరో "రుద్దరా ముందు, ఆ పాటకే చేదు ఇరిగిపొయ్యేట్టు ఉండాది" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. అందులో ఖాలా నవ్వు స్పష్టంగా వినిపించింది. మా నడవలో మేమూ నవ్వాం, వదిన కళ్ళు తుడుచుకుంది.

నవ్వులు తగ్గాక ఒక గొంతు, మాకు తెలియని మనిషిది, మా నాయనతో మాట్లాడింది. "పెద్దాయనా, ఆకు వేసినావని బాధపడబాక. పెట్టె మూత తియ్యంగానే మా పెరట్లో నిలబడినట్టు అయినాది. ఆ ఎండాకు ఒక్క రెమ్మ గూడా పారెయ్యలా. తలా ఇంత తీసుకోని పెట్టెల్లో పెట్టుకున్నాం." నాయన ఆ ముక్కను మళ్ళీ వెయ్యమని అడిగాడు. వదిన వెనక్కి తిప్పి వేసింది.

గరిటెలు కొట్టుకు చేరాయి, అమ్ముడయ్యాయి, ఖాలా పనిలోనే ఉంది అని తర్వాతి క్యాసెట్‌లో తెలిసింది. మేం మిఠాయి పంచాం. మళ్ళీ ఆర్డరు వచ్చింది. ఈసారి ఆకు బదులు బాగా ఆరిన రంపపు పొట్టు వేసి సర్దాం. తర్వాత ఏళ్ళలో ఆ సరుకు మేం పేరు కూడా పలకలేని చోట్లకు పోయింది. ఆ కొట్లో లెక్కలు చూసే ఆయన పాలస్తీనా మనిషట. ఆయన అన్నదమ్ములు తలా ఒక దేశంలో ఉన్నారు. మా గరిటెలు ఆయన ఒక తమ్ముడి కొట్టుకు అమ్మాన్ పోయాయి, ఇంకో తమ్ముడి కొట్టుకు దుబాయి పోయాయి. ఊరొదిలిన వాళ్ళ కష్టం వాళ్ళది, కానీ వాళ్ళు ఎక్కడ కాలు మోపితే అక్కడ ఒక అంగడి తలుపు తెరుచుకుంది. మా వీధికి బాడిస చప్పుడు మళ్ళీ వచ్చిందంటే అది వాళ్ళందరి చలవే.

ఎనభైల మధ్యలో ఖాలా సెలవు మీద వచ్చింది. ఒళ్ళు చేసి, నల్లబడి, చేతికి గడియారం పెట్టుకుని వచ్చింది. మా నాయన ఆమెకు ఎదురెళ్ళి, బస్సు ఆలస్యమైనందుకు డ్రైవరును తిట్టాడు. అదే ఆయన స్వాగతం. అదే వారంలో డ్రైవరన్న కూడా సెలవు మీద ఉన్నాడు, చూడ్డానికి ఉదయగిరి వచ్చాడు. ఖాలా పలావు వండింది. అందరం తిని పంచలో కూర్చున్నాం. పాత మాటలు వచ్చాయి. గరిటెలు కడిగిన శుక్రవారాల మాట వచ్చింది.

"ఆ టిక్కెట్టు సంగతి తలుసుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తాది" అన్నాడు డ్రైవరన్న.

ఖాలా కళ్ళతో సైగ చేసింది. ఆయన చూసుకోలేదు. మా నాయన చూశాడు.

"ఏం టిక్కెట్టు?"

డ్రైవరన్న మాట మార్చబోయాడు. మా నాయన వదిలే రకమా? చెప్పేదాకా కదలనివ్వలేదు. అప్పుడు చెప్పాడు. విందులో పలావు చేదైన రోజునే ఆ ఆకు వేసింది ఎవరని మేడం అడిగింది. ఖాలా, నేనే వెయ్యమని చెప్పినాను, మా బావకు ఏం తెలియదు అని చెప్పేసింది. చెక్కేవాడిది తప్పని తెలిస్తే కొట్టాయన ఇక ఉదయగిరి సరుకు ముట్టుకోడని ఆమె భయం. దాంతో ఆమెను వంట నుంచి తీసేసి, బట్టలు ఉతికే పనిలో పెట్టి, ఇంటికి పంపించేందుకు టిక్కెట్టు తీసేశారు. డ్రైవరన్న తన యజమాని చేత చెప్పించి గడువు అడిగాడు. గరిటెలు బాగుపడితే ఉంటుంది, లేకపోతే పోతుంది అన్నారు మేడమూ కొట్టాయనా. ఆ గదిలో వాళ్ళంతా రుద్దింది ఆమె టిక్కెట్టును.

"మరి ఆ టేపులో నవ్వినావే?" అన్నాను నేను ఖాలాతో.

"నవ్వకుంటే మీకు తెలిసిపోదా? తెలిస్తే మీ నాయన చెయ్యి వణకతాది. చెయ్యి వణికితే గరిటె యాడ కుదురుతాది? అందరూ నవ్వండ్రా అని నేనే చెప్పినాను."

మా నాయన అందరి ముందూ ఏడ్చాడు. "నేను తిట్టి పంపినాను. నువ్వు నా ఇల్లు నిలబెట్టినావు తల్లీ" అన్నాడు.

"నేనొక్కదాన్నే ఏం చేస్తాను దూలాభాయ్. ఆ గదిలో సగం మంది నన్ను అంతకు ముందు చూసి గూడా ఎరగరు. ఉదయగిరి కాడి మనిషంట అంటే వచ్చినారు" అంది ఖాలా.

ఆ మర్నాడు నాయన డ్రైవరన్నను కూర్చోబెట్టుకుని, ఆ గదిలోని వాళ్ళ ఊర్లన్నీ అడిగాడు. పూలూ తీగలూ చెక్కిన గరిటెలు, తన ఇష్టం కోసం దాచుకున్నవి, సంచిలో వేసుకున్నాడు. నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఆత్మకూరులో కొన్ని ఇళ్ళు, దుత్తలూరు పక్కన ఒక పల్లె, కొండాపురం వైపు ఒక పల్లె. మనుషులు ఇంకా కువైట్‌లోనే ఉన్నారు, ఇళ్ళల్లో ఆడవాళ్ళే ఉన్నారు. ప్రతి గడప దగ్గరా నిలబడి, ఫలానా ఉదయగిరి నుంచి వచ్చినాను, మీ ఇంటాయన నాకు ఒక మేలు చేసినాడు అని మొదలుపెట్టేవాడు. ఆయనకు అలా మాట్లాడటం అలవాటు లేదు. చెమటలు పట్టేవి.

కొండాపురం వైపు పల్లెలో ఆఖరి ఇల్లు. చెరువు గట్టు కింద రేకుల ఇల్లు. ఆ ఇంటామె వేరుశనగ కాయలు వలుస్తోంది. భర్త కువైట్ వెళ్ళి మూడో ఏడు. నాయన చెప్పిందంతా విని, చేతిలో కాయ చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"ఆయనా? మా ఆయనా కడిగింది? ఈడ తాగిన గలాసు గూడా తీసి పక్కన పెట్టడే!" అంది. అని నవ్వింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగుతోనే కళ్ళు ఒత్తుకుంది.

నాయన గరిటె ఆమె చేతిలో పెట్టి, వస్తామమ్మా అని లేచాడు. ఆఖరి బస్సుకు టైమవుతోంది. ఆమె గరిటెను ఒళ్ళో పెట్టుకుని, మా నాయన ముఖంలోకి చూసింది.

"ఇంకోసారి చెప్పన్నా. మొదట్నించి చెప్పు. లుంగీ ఎగ్గట్టినాడన్నావే, ఆడి నుంచి."

ఎవరికీ ఏ మాటా రెండోసారి చెప్పని మా నాయన, సంచి కింద పెట్టి, ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.